వెంగర్ పాసింగ్ ఆట గురించి వాదన: బంతి పోయిన క్షణంలో వెనకాల ఎవరున్నారో చూడండి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. మీ ఫ్రెండ్స్ ఇద్దరిలో ఒకడేమో 1996 నుంచి 2018 దాకా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి మేనేజర్‌గా ఉన్న ఆర్సెన్ వెంగర్ ఆట అంటే ఎదుటి గోల్ బాక్స్ ముందు అటూ ఇటూ పాసులే, ట్యాక్టిక్స్ లేవు, ప్లాన్ బి లేదు అంటున్నాడు. రెండోవాడేమో ఇంగ్లండ్‌కి పాసింగ్ నేర్పిందే ఆయన, ఇవాళ పెద్ద టీములన్నీ ఆడేది ఆయన ఆటే అంటున్నాడు. ఎవరిది కరెక్ట్ అని అడిగావు. నేను 18 ఏళ్లుగా పిల్లల టీములకి కోచింగ్ ఇస్తున్నా, ఆర్సెనల్ మ్యాచులు అంతకు ముందు నుంచే చూస్తున్నా, ఈ రెండు మాటలూ లెక్కలేనన్ని సార్లు విన్నా. నా ఉద్దేశంలో ఇద్దరూ బంతినే చూసి మాట్లాడుతున్నారు. బంతి తమ దగ్గర ఉన్నంతసేపూ వెంగర్ టీములు చివరి సీజన్ దాకా బాగానే ఆడాయి. బంతి పోయిన ఆ మూడు నాలుగు సెకన్లలో వెనకాల ఎవరు నిలబడి ఉన్నారు అన్నదాంట్లోనే ఆయన గెలిచిన టీములకీ ఓడిన టీములకీ తేడా ఉంది. వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక లెక్క చూడు. 2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడని ఆ టీము, 26 గెలుపులు 12 డ్రాలు, లీగ్‌లో కొట్టింది 73 గోల్స్. అందరూ తిట్టిన 2011-12 టీము కొట్టింది 74. ఆయన వెళ్లిపోయిన 2017-18లో, ఆరో స్థానంలో ఆగిపోయిన టీము, అది కొట్టింది కూడా 74. అంటే ఎటాక్ ఎక్కడా తగ్గలేదు, పాసింగ్‌తో గోల్స్ రావట్లేదు అన్నమాట ఈ అంకెల ముందు నిలబడదు. ఇప్పుడు పెట్టించుకున్న గోల్స్ చూడు. 2003-04లో 26. 2011-12లో 49. 2017-18లో 51. డబుల్ దగ్గరికి వచ్చేసింది. ఈ అంకెలు పక్కపక్కన రాసుకున్న రోజు నుంచి నేను వెంగర్ పాసింగ్ గురించి వాదించడం మానేశా, ఆయన డిఫెన్స్ ఎక్కడ మొదలయ్యేది, ఎక్కడ ఆగిపోయింది అని చూడ్డం మొదలుపెట్టా.

అసలు ఆయన మొదట్లో ఆడించింది సైడు పాసుల ఆట కానే కాదు, ఇది మీ మొదటి ఫ్రెండ్ గట్టిగా వినాలి. 1996 అక్టోబర్‌లో జపాన్‌లోని నగోయా గ్రాంపస్ నుంచి వచ్చేటప్పటికి ఆయన చేతికి దొరికింది జార్జ్ గ్రాహం కట్టిన డిఫెన్స్, సీమన్, డిక్సన్, ఆడమ్స్, బోల్డ్, కీయోన్, వింటర్‌బర్న్. వాళ్లని కదపలేదు. వాళ్ల ముందు వియెరా, పెటీ ఇద్దర్నీ పెట్టాడు, ఎడమ పక్క ఓవర్‌మార్స్, పైన బెర్గ్‌కాంప్, ఆ పక్కన రైట్ గానీ అనెల్కా గానీ. 1998 ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ కప్) ఫైనల్ మొదటి గోల్ చూడు, న్యూకాజిల్ మీద, పెటీ డిఫెన్స్ వెనక్కి ఒక పొడుగు బంతి వేశాడు, ఓవర్‌మార్స్ పరిగెత్తి కొట్టేశాడు. ఒక్క పాసు. అదే ఏడు లీగ్ గెలిచిన ఎవర్టన్ మ్యాచ్‌లో నాలుగో గోల్ ఇంకా బాగుంటుంది, స్టీవ్ బోల్డ్ పైనుంచి వేసిన బంతిని టోనీ ఆడమ్స్ అందుకుని కొట్టాడు, అంటే ఒక సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) పాసు ఇస్తే ఇంకో సెంటర్ బ్యాక్ గోల్ కొట్టాడు. ఆ గోల్ వెంగర్ ఆటకి మంచి నమూనా అని నేననుకుంటా, ఎందుకంటే అక్కడ పాసు ఎవరిస్తున్నారన్నది ముఖ్యం కాదు, ముందు ఖాళీ కనపడగానే ఆలోచించకుండా అక్కడికి బంతి వెళ్లాలి, అంతే.

2003-04 టీములో అదే ఆలోచన ఇంకా పదును తేలింది. పేపర్ మీద 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు), గ్రౌండ్‌లో మాత్రం ఎడమ పక్క అంతా ఒక ముడి లాగా ఉండేది. ఆన్రీ సెంటర్ ఫార్వర్డ్ అయ్యుండి ఎడమకి జరిగేవాడు, పిరేస్ లోపలికి వచ్చేవాడు, ఆ ఖాళీలోంచి యాష్లీ కోల్ పైకి పరిగెత్తేవాడు, ఎదుటి రైట్ బ్యాక్‌కి ఎవర్ని పట్టుకోవాలో తెలిసేది కాదు. 2004 ఏప్రిల్ 25న టోటెన్‌హాం గ్రౌండ్‌లో లీగ్ ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో మొదటి గోల్ అయితే కార్నర్ టోటెన్‌హాంది. బంతి ఆన్రీకి దొరికింది, మోసుకుంటూ వెళ్లి ఎడమ పక్క బెర్గ్‌కాంప్‌కి ఇచ్చాడు, ఆయన ఆపకుండానే లోపలికి వేస్తే, గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తుకొచ్చిన వియెరా జారుతూ కొట్టాడు. మూడో నిమిషం గోల్ అది. ఇందులో అడ్డం పాసు ఎక్కడుంది చెప్పు?

కానీ ఆ ఎడమ పక్కనే చూస్తూ ఉంటే అసలు విషయం మిస్ అవుతాం. కోల్ పైకి వెళ్లినప్పుడు కుడి పక్క లౌరెన్ ఎక్కువసార్లు వెనకే ఉండేవాడు. మధ్యలో కాంప్‌బెల్, టూరే. వాళ్ల ముందు గిల్బర్టో సిల్వా, ఆయన పేరు హైలైట్స్‌లో కనపడదు గానీ ఆ టీముకి తాళం ఆయనే. అంటే ఆరుగురు పైకి వెళ్లి ఆడుతున్నా నలుగురు ఎప్పుడూ బంతికి వెనక ఉన్నారు, ఆ నలుగురూ ఒంటరిగా ఒక ఫార్వర్డ్‌ని పట్టుకోగల స్పీడు, బలం ఉన్నవాళ్లు. పైగా వియెరా అంత పొడుగు కాళ్లతో వెనక్కి వచ్చి బంతి లాక్కునేవాడు. ఇవాళ కోచింగ్‌లో దీన్ని రెస్ట్ డిఫెన్స్ అంటున్నాం, అంటే మనం ఎటాక్ చేస్తున్నప్పుడే బంతి పోతే ఏంటి అని వెనకాల సిద్ధంగా నిలబెట్టుకునే మనుషులు. వెంగర్ ఆ పేరు వాడి బోర్డు మీద గీసి చెప్పాడో లేదో గానీ, ఆయన ఎంచుకున్న మనుషుల్లోనే అది ఉంది.

మరి ఎందుకు మారింది అంటే రెండు మూడు కారణాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఎదుటి టీములు నేర్చుకున్నాయి, ఆర్సెనల్ మీద డిఫెన్స్ లైన్ పైకి తెస్తే ఆన్రీ చంపేస్తాడని వెనక్కి వెళ్లి బాక్స్ చుట్టూ కూర్చోవడం మొదలుపెట్టాయి, వెనక ఖాళీ లేనప్పుడు ముందుకి పాసు ఎక్కడ వేస్తావు, అడ్డంగానే వేస్తావు. రెండోది స్టేడియం. 2006లో హైబరీ వదిలి ఎమిరేట్స్‌కి వెళ్లారు, దానికి దాదాపు 390 మిలియన్ పౌండ్ల ఖర్చు, ఆ అప్పు తీరేదాకా పెద్ద ప్లేయర్లని కొనడం కన్నా అమ్మడమే ఎక్కువ అయింది. 2005లో వియెరా యువెంటస్‌కి, 2007లో ఆన్రీ బార్సిలోనాకి వెళ్లిపోయారు. వాళ్ల చోట్లోకి ఫాబ్రెగాస్, రోసిస్కీ, హ్లెబ్, తర్వాత నస్రీ, విల్‌షేర్ లాంటి పిల్లలు వచ్చారు, అందరూ బంతి కాళ్ల దగ్గరికి కావాలనేవాళ్లే, బంతి లేకుండా డిఫెన్స్ వెనక్కి పరిగెత్తేవాళ్లు బాగా తగ్గారు. మీ మొదటి ఫ్రెండ్ చూసి విసుక్కున్న అడ్డం పాసులు ఇక్కడి నుంచి వచ్చాయి. వాడి విసుగు నిజమే, కానీ వాడు చెప్పే కారణం తప్పు. అవి ఆయన సిద్ధాంతంలోంచి పుట్టినవి కావు, పరిగెత్తేవాడు లేని చోట పుట్టినవి.

ఇక్కడ 2007-08 సీజన్ గురించి చెప్పకపోతే అన్యాయం. ఆ ఏడు ఫాబ్రెగాస్ పక్కన ఫ్లామినీ ఉన్నాడు, ఊపిరి తీసుకోకుండా పరిగెత్తేవాడు, బంతి పోగానే మొదటి అడుగు ఆయనదే. పైన అడెబయోర్ 24 లీగ్ గోల్స్ కొట్టాడు. చాంపియన్స్ లీగ్‌లో (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) మిలాన్ వెళ్లి 2-0 గెలిచారు. 83 పాయింట్లు వచ్చాయి, మాంచెస్టర్ యునైటెడ్‌కి 87, చెల్సీకి 85, అంత దగ్గరగా ఆగిపోయారు. పెట్టించుకున్న గోల్స్ 31 మాత్రమే. ఆ వేసవిలో ఫ్లామినీ ఫ్రీగా మిలాన్ వెళ్లిపోయాడు, హ్లెబ్ బార్సిలోనాకి. నాకు ఇప్పటికీ బాధే ఆ సంగతి, ఎందుకంటే పాసింగ్ మిడ్‌ఫీల్డ్ పక్కన ఒక్క కాపలావాడు ఉంటే ఏమవుతుందో ఆ ఏడాది కళ్లముందు కనపడింది, కనపడిన వెంటనే పోయింది.

నాకు ఈ విషయం పుస్తకాల్లోంచి రాలేదు, దెబ్బ తిని తెలిసింది. అప్పట్లో ఆ ఆట చూసి మైమరచిపోయి మా 15 ఏళ్ల పిల్లలకి అదే నేర్పా, వన్ టచ్, ట్రయాంగిల్స్, ఇచ్చి కదులు ఇచ్చి కదులు, పిల్లలు కూడా చాలా ఇష్టంగా నేర్చుకున్నారు. ఒక టోర్నమెంట్ సెమీఫైనల్లో మ్యాచ్ మొత్తం బంతి మా దగ్గరే, 3-0 ఓడిపోయాం. మూడు గోల్స్ ఒకేలా, వాళ్ల బాక్స్ ముందు బంతి పోయింది, రెండు పాసుల్లో మా గోల్ దగ్గరున్నారు. మ్యాచ్ అయ్యాక మా గోల్‌కీపర్ పిల్లాడు ఏడుస్తూ ‘సార్, వాళ్లొచ్చేసరికి నా ముందు ఎవరూ లేరు సార్’ అన్నాడు. ఆ రాత్రి వీడియో పెట్టుకుని బంతి పోయిన ప్రతిచోటా ఆపి, వెనకాల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టా. ఇద్దరు. ఎక్కువసార్లు ఇద్దరే, వాళ్లిద్దరి మధ్య 20 మీటర్ల ఖాళీ. పాసింగ్ మార్చలేదు నేను, ఒక ఫుల్ బ్యాక్‌ని (పక్కన ఆడే డిఫెండర్‌ని) లోపలికి తెచ్చి మధ్యలో ఆపా, బంతి పోయిన చోట దగ్గరున్న ముగ్గురూ వెంటనే మీద పడాలి అని డ్రిల్ పెట్టా. అదే పిల్లలు, అవే పాసులు, తర్వాత కౌంటర్ గోల్స్ (బంతి లాక్కున్న వెంటనే ఎదురు పరిగెత్తి కొట్టేవి) దాదాపు ఆగిపోయాయి. ఆ తర్వాతే వెనక్కి వెళ్లి వెంగర్ పాత మ్యాచులన్నీ ఆ కంటితో చూశా.

అలా చూస్తే 2014 చాలా కష్టంగా ఉంటుంది. ఫిబ్రవరిలో లివర్‌పూల్‌లో 5-1 ఓటమి, మొదటి 20 నిమిషాల్లోనే నాలుగు. మార్చి 22న ఆయన 1000వ మ్యాచ్, చెల్సీలో 6-0 ఓటమి, ఏడు నిమిషాలకే 2-0, ఆ రెండూ మధ్యలో బంతి పోగొట్టుకుని తెరిచిన ఖాళీలోంచి వచ్చినవే. ఫుల్ బ్యాక్‌లు ఇద్దరూ పైన, డిఫెన్స్ లైన్ హాఫ్ లైన్ దగ్గర, స్పీడు లేని మెర్టెసాకర్ వెనక 40 మీటర్ల పచ్చిక, ముందు ఒంటరిగా ఆర్టెటా. లైన్ అంత పైకి తెస్తే బంతి మీద ప్రెషర్ ఉండాలి, ప్రెషర్ లేకపోతే లైన్ కిందికి దిగాలి, రెంట్లో ఏదీ జరగలేదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం 2015 ఫిబ్రవరి 25, ఎమిరేట్స్‌లో మొనాకో మీద చాంపియన్స్ లీగ్ మ్యాచ్. మొనాకో ఆయన పాత క్లబ్, 1988లో ఫ్రెంచ్ లీగ్ గెలిపించిన క్లబ్. ఆర్సెనల్ 2-0 వెనకపడింది, రెండో గోల్ అచ్చం కౌంటర్, బెర్బటోవ్‌ది. 91వ నిమిషంలో ఆక్స్‌లేడ్-చాంబర్లిన్ ఒకటి తిరిగి కొట్టాడు, 2-1. రెండు మ్యాచుల పోటీలో అది మంచి స్కోరు, విజిల్ దాకా నిలబడితే చాలు. నిలబడలేదు. ఇంకోటి కొట్టేద్దామని అందరూ పైకెళ్లారు, 94వ నిమిషంలో బంతి పోయింది, ఫెరెయిరా కరాస్కో ఖాళీ గ్రౌండ్‌లో పరిగెత్తి 3-1 చేశాడు. తిరుగు మ్యాచ్‌లో అక్కడికెళ్లి 2-0 గెలిచారు, మొత్తం 3-3, కానీ ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో మొనాకో ఎక్కువ కొట్టింది కాబట్టి అప్పటి ‘అవే (away) గోల్స్’ రూల్ ప్రకారం ఆర్సెనల్ బయటికి. ఆ ఆఖరి మూడు నిమిషాల్లో ఒక్కడు, ఒకే ఒక్కడు ‘ఆగండి’ అని వెనక నిలబడి ఉంటే అయిపోయేది. వరుసగా ఏడు సీజన్లు, 2010-11 నుంచి 2016-17 దాకా, చాంపియన్స్ లీగ్ చివరి 16 టీముల దశలోనే ఆగిపోవడంలో ఎదుటి టీముల బలం ఉంది నిజమే, కానీ ఈ మ్యాచ్ మాత్రం పూర్తిగా వాళ్ల చేతుల్లోనే ఉండింది.

ఇక ‘ట్యాక్టిక్స్ లేవు’ అనే మాట. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. వెంగర్ ట్యాక్టిక్స్ బోర్డు మీద కన్నా మనుషుల జతల్లో ఉండేవి. ఎవరి పక్కన ఎవరు, అదే ఆయన విద్య. యువెంటస్‌లో వింగ్‌లో ఆడిన ఆన్రీని సెంటర్ ఫార్వర్డ్ చేశాడు, మిడ్‌ఫీల్డర్‌గా వచ్చిన లౌరెన్‌ని రైట్ బ్యాక్ చేశాడు, కోలో టూరేని సెంటర్ బ్యాక్ చేశాడు, వీళ్లంతా ఓడని టీములో ఉన్నారు, ఇది ట్యాక్టిక్స్ కాకపోతే ఏంటి? బార్సిలోనా, మాంచెస్టర్ సిటీ కోచ్‌గా పేరున్న గ్వార్డియోలా అయితే గ్రౌండ్‌ని గళ్లుగా గీసి ఎవరు ఎప్పుడు ఏ గళ్లో ఉండాలో నేర్పుతాడు, మనిషి మారినా గడి మారదు. వెంగర్ దగ్గర గడి లేదు, ఒకరినొకరు చదువుకునే ఇద్దరు మనుషులు ఉంటారు. అందుకే ఆయన ఆట పండినప్పుడు 2013 అక్టోబర్‌లో నార్విచ్ మీద విల్‌షేర్ కొట్టిన గోల్ లాంటివి వచ్చాయి, కజోర్లా, విల్‌షేర్, జిరూ మధ్య బంతి ఎలా తిరిగిందో ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు, అది డ్రిల్‌లో నేర్పగలిగేది కాదు. అందుకే జత విడిపోయినప్పుడు మొత్తం కూలిపోయింది కూడా.

కజోర్లా, కోక్‌లాన్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. 2014 డిసెంబర్‌లో కోక్‌లాన్‌ని చార్ల్‌టన్ లోన్ నుంచి వెనక్కి పిలిచారు, ఎవరికీ పెద్ద ఆశ లేదు. 2015 జనవరి 18న మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో ఆయన్ని డిఫెన్స్ ముందు పెట్టి పక్కన కజోర్లాని దింపాడు. బంతి చాలాసేపు సిటీ దగ్గరే ఉంది, ఆర్సెనల్ వెనక నిలబడి ఆడింది, 2-0 గెలిచింది. ఒకడు బంతి లాక్కుంటాడు, ఇంకోడు రెండు కాళ్లతోనూ మీద పడే ఎదుటివాళ్ల ప్రెస్‌లోంచి బంతిని బయటికి తెస్తాడు, ఇద్దరూ కలిసి ఒక పూర్తి మిడ్‌ఫీల్డర్. 2015-16లో లీగ్ గెలిచే అవకాశం నిజంగా ఉంది, లెస్టర్‌ని రెండుసార్లూ ఓడించారు, 5-2, 2-1. నవంబర్ చివర్లో వారం తేడాతో ఇద్దరికీ దెబ్బలు తగిలాయి, చివరికి లెస్టర్‌కి 81, ఆర్సెనల్‌కి 71. ఆ సీజన్ ఓజిల్ 19 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాసులు) ఇచ్చాడు, అంటే పైన పాసింగ్‌కి లోటేం లేదు. కింద జతకి మారు జత లేదు, అది కొనకపోవడం వెంగర్ తప్పే, అందులో ఆయన్ని వెనకేసుకురాను.

ప్లాన్ బి ఉందా అంటే ఉంది. 2005 ఎఫ్ఏ కప్ ఫైనల్లో యునైటెడ్ మీద 120 నిమిషాలు డిఫెన్స్ ఆడి 0-0 ఆపి పెనాల్టీల్లో గెలిచారు. 2005-06 చాంపియన్స్ లీగ్‌లో వరుసగా 10 క్లీన్ షీట్లు (ఒక్క గోల్ కూడా పెట్టించుకోని మ్యాచులు), నాకౌట్‌లో ఆన్రీని ఒక్కణ్ణే పైన పెట్టి ఐదుగురు మిడ్‌ఫీల్డర్లతో ఆడి మాడ్రిడ్ వెళ్లి 1-0 గెలిచారు, అప్పుడు లెఫ్ట్ బ్యాక్ ఎవరో తెలుసా, ఫ్లామినీ. 2017 ఏప్రిల్‌లో ముగ్గురు సెంటర్ బ్యాక్‌లకి మారి సెమీస్‌లో సిటీని, ఫైనల్లో చెల్సీని 2-1, 2-1 కొట్టి ఆయన ఏడో ఎఫ్ఏ కప్ తెచ్చాడు. కాబట్టి తెలియక కాదు. వేరేలా ఆడటం ఆయనకి అవసరానికి వేసుకునే చొక్కా లాంటిది, పని అవగానే విప్పేసి మళ్లీ తన ఆటకే వచ్చేవాడు. నేనైతే ఆ కోక్‌లాన్ మ్యాచ్ తీరుని పెద్ద మ్యాచులన్నిట్లో ఉంచేసేవాణ్ణి.

మీ రెండోవాడికి ఒక మాట. ఇవాళ అందరూ ఆడేది ఆయన ఆటే అనకు. పాసింగ్ మీద నమ్మకం, చిన్న వయసు ప్లేయర్ల మీద నమ్మకం, తిండి, ఫిట్‌నెస్, ఇవన్నీ ఇంగ్లండ్‌లో ఆయన మార్చాడు, ఒప్పుకుంటా. కానీ ఇవాళ్టి పెద్ద టీములు ఎటాక్‌లో ఎంతసేపు గడుపుతాయో, బంతి పోతే ఏంటి అన్నదాని మీద కూడా అంతే పని చేస్తాయి, అది వేరే బడి. విచిత్రం ఏంటంటే ఆ చెల్సీ 6-0లో మిడ్‌ఫీల్డ్‌లో ఒంటరిగా నిలబడ్డ ఆర్టెటానే 2019 డిసెంబర్‌లో ఆర్సెనల్ మేనేజర్ అయ్యాడు, ఆయన టీము ఎటాక్‌లో ఉన్నప్పుడు వెనక లైన్ చూడు, ఎంత దగ్గర దగ్గరగా, ఎంత జాగ్రత్తగా నిలబడి ఉంటారో. ఆ మధ్యాహ్నమే ఆయనకి నేర్పిందని నేను చెప్పలేను, కానీ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

మీరు ముగ్గురూ కలిసి చూస్తానంటే ఈ వరుసలో చూడండి: 2004 టోటెన్‌హాం, 2008 మిలాన్, 2014 చెల్సీ మొదటి 20 నిమిషాలు, 2015 జనవరి సిటీ, 2015 మొనాకో రెండో హాఫ్. బంతి పోయిన ప్రతిసారీ పాజ్ కొట్టి, బంతికి వెనక ఆర్సెనల్ వాళ్లు ఎంతమంది, వాళ్ల మధ్య ఎంత దూరం, దగ్గరున్నవాడు మీదికి వెళ్తున్నాడా నడుస్తున్నాడా, ఈ మూడే కాగితం మీద రాసుకోండి. రాసుకున్నాక ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టు, మొనాకో మ్యాచ్ 94వ నిమిషం దగ్గర నువ్వేం రాశావో నాకు చూడాలనుంది.